రంగు రాలేదంటే క్లోరిన్ లేనట్టేనా?

ప్రశ్న: మా పంచాయతీలో నీళ్లు వదిలే పని నాది. రోజూ ఒకే లెక్కన ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతాను. చివరి వీధి కుళాయి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి ఆఫీసులో డీపీడీ మాత్ర (క్లోరిన్ ఉంటే నీళ్లను గులాబీ రంగుకు మార్చే పరీక్ష మాత్ర) వేసి చూస్తే ఒకరోజు గులాబీ రంగు వస్తుంది, మర్నాడు రంగే ఉండదు. కిట్ పాడైందంటారా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: కిట్‌ను తిట్టే ముందు ఆ సీసా ఎక్కడిదో చూడండి. బాక్టీరియా పరీక్షకని ల్యాబ్ వాళ్లిచ్చే సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంటుంది. అది ఉన్నదే క్లోరిన్‌ను విరిచేయడానికి కాబట్టి, అందులో పట్టిన నీళ్లకు ఏ మాత్ర వేసినా రంగు రాదు గాక రాదు. పాత కూల్‌డ్రింక్ సీసా అయినా కష్టమే, లోపల అంటుకున్న జిడ్డూ పాచీ ఉన్న కాస్త క్లోరిన్‌నూ తినేస్తాయి.

అసలు ఆఫీసు దాకా తేవడమెందుకండీ? ఎండలో బండి మీద ఊగుతూ వచ్చిన నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో చెప్పినా అది కుళాయి లెక్క కాదు. కిట్‌నే కుళాయి దగ్గరికి తీసుకెళ్లండి. కుళాయికి తగిలించిన రబ్బరు పైపు పీకేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, పరీక్ష గొట్టాన్ని ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, బుడగలు రాకుండా నెమ్మదిగా గీత వరకు పట్టండి. కొత్త గొట్టమైతే ముందురోజే బ్లీచింగ్ కలిపిన నీళ్లలో ఓ గంట నానబెట్టి బాగా కడిగితే, అది తాగాల్సిన క్లోరిన్ అప్పుడే తాగేస్తుంది. మాత్రను వేలితో ముట్టుకోవద్దు, రేకు చించి నేరుగా గొట్టంలో వేయండి. నీళ్లు కాస్త మసకగా ఉంటే పక్క గొట్టంలో మాత్ర వేయని అవే నీళ్లు పోసి పోల్చండి, మినరల్ వాటర్ పోస్తే లెక్క తప్పుతుంది. ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా నీళ్లలో మిగిలున్న క్లోరిన్) రంగును నిమిషంలోపే చూసేయాలి, టీ తాగొచ్చి చూస్తే కంబైన్డ్ క్లోరిన్ (అమ్మోనియాలాంటి వాటితో అప్పటికే కలిసిపోయిన క్లోరిన్) కూడా కలిసి రంగు ముదురుతుంది.

ఇంకోటుంది, దీని దగ్గరే చాలామంది బోల్తా పడతారు. గులాబీ రంగు తళుక్కున మెరిసి మాయమైతే క్లోరిన్ లేదని కాదు, మరీ ఎక్కువైందని! ఆ క్లోరినే రంగును తెల్లబరిచేస్తుంది. అది చూసి ఇంకో డబ్బా బ్లీచింగ్ గుమ్మరించారో, ఊరంతా మీ మీదికొస్తుంది. ఒక వంతు కుళాయి నీళ్లకు నాలుగు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చూసి, ఆ రంగుకు కిట్ చూపే అంకెను 5తో గుణించండి. ఆర్వో క్యాన్ నీళ్లు మాత్రం వాడకండి, కొన్నిచోట్ల వాటిలోనూ క్లోరిన్ కలుపుతారు.

బ్లీచింగ్ కలిపాక అరగంటైనా ఆగి నీళ్లు వదలండి. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ ఉండాలి, వైరస్ భయం ఉంటే 0.5. ఇవన్నీ సరిగ్గా చేసినా చివరి వీధిలో రంగు రాకపోతే అప్పుడు బ్లీచింగ్ బస్తాను అనుమానించండి. మూతి తెరిచి తేమలో పడేసిన బస్తాలో పేరుకే బ్లీచింగ్, క్లోరిన్ సగం ఎగిరిపోయి ఉంటుంది.