ఎడ్లబండికి ఎనిమిది

శ్రీకాకుళం

అమ్మలూ,

హైవే మీద నాలుగు రోడ్ల కూడలి తీసేసి ఫ్లైఓవరు, ర్యాంపులు వేసే డిజైను నీ చేతికొచ్చిందని మీ నాన్న ఫోన్‌ చేశాడు. పొద్దున్నే వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అన్ని రోడ్లదీ కలిపి గంటకి 10,000 పీసీయూ (ప్రతి బండినీ ఇన్ని కార్లకి సమానమని మార్చిన లెక్క) దాటితే ఇలా ఫ్లైఓవరు, ర్యాంపులతో ఇంటర్‌ఛేంజి ఆలోచించమని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పుస్తకంలోనే ఉంది, అది నీకు తెలుసు. లారీలు దూరే అండర్‌పాస్‌కి 5.5 మీటర్లు, ఎవరు బతిమాలినా తగ్గించకు. నీళ్లు ఏ గెడ్డలోకి పోతాయో తేల్చాకే లెవెలు గీయి. 2018లో తిత్లీ తుఫాను వాన చూశావు కదా.

ఇక నా తప్పు విను. ఐదో నంబరు హైవేని నాలుగు లైన్లు చేసే రోజులు (ఇప్పుడది పదహారు). రణస్థలం అవతల ఓ కూడలిలో ట్రాఫిక్‌ లెక్క తీయించాను. సోమ, మంగళ, బుధవారాలు. చింతచెట్టు కింద నాకు కుర్చీ, కుర్రాళ్ల చేతుల్లో కాగితాలు: నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. పీసీయూ పట్టికలో మోటారుసైకిలుకి 0.5, కారుకి 1, లారీకి 3, ఎడ్లబండికి 8. నడిచే మనిషికి ఆ పట్టికలో అంకే లేదు. అక్కడ సంతేమో గురువారం. డివైడరులో సందు మూసేయమని రాసేశాను. యూటర్న్‌ కిలోమీటరు అవతల. బండివాడికి రెండు నిమిషాలు. నెత్తిన గంపున్న మనిషికి రానూపోనూ రెండు కిలోమీటర్లు.

నెల తిరక్కుండా గునపంతో మనిషి పట్టేంత సందు కొట్టేశారు. తిట్టుకుంటూ మళ్లీ పూడ్పించాను. అలా మూడుసార్లు. మూడోసారి పూడ్చాక ఓ సంతరోజు, చీకటి పడ్డాక, చేపల గంప ముందు డివైడరు మీద పెట్టి తను ఎక్కబోతున్న ముసలమ్మని వ్యాను గుద్దేసింది. నేను వెళ్లేసరికి కవ్వళ్ల చేపలు రోడ్డంతా చెదిరి లారీల లైట్లకి మెరుస్తున్నాయి. ప్రాణం దక్కింది, కాలు పోయింది. ఆస్పత్రిలో నన్ను చూసి ‘బావూ, కాయితమ్మీద మా దారి గీయనేదేటి?’ అంది. కోపంగా కూడా కాదు. ఇప్పటికీ సంతకి మీ పెద్దమ్మే వెళ్తుంది, నేను వెళ్లను.

డ్రోనుతో లెక్క తీయిస్తున్నామని సంబరంగా చెప్పావట. గంప కింద మెడ ఎంత వంగిందో డ్రోనుకి కనిపిస్తుందా, తింగరిదానా? సంతరోజు నువ్వే వెళ్లు. జనం ఇప్పుడు దాటుతున్న చోటే కింద నడకదారి పడాలి, దీపాలుండాలి. మెట్ల వంతెన వేశాంలే అనుకోకు. ఈ మోకాళ్లతో నేనే ఎక్కను.

చిన్నప్పట్నుంచీ నీకు ఎండ పడదు. మజ్జిగ పట్టుకెళ్లు. ఫోన్లో మాట్లాడుతూ కోన్లు దాటి బయటికి రాకు, వచ్చే బండ్లకి వీపు పెట్టకు. ఆ ఊరి సంత ఏ రోజో తెలిస్తే చెప్పు, నేనూ వస్తాను. కుర్చీ నేనే తెచ్చుకుంటా.

నీ పెదనాన్న