కాంతి నడిచిన దూరం ఎవరి లెక్కలో?

ప్రశ్న: మైకేల్సన్–మోర్లే ప్రయోగం బొమ్మలో అడ్డు భుజంలోని కాంతి ఏటవాలుగా వెళ్లి వచ్చినట్టు గీస్తారు. ల్యాబ్‌లో చూస్తే తిన్నగా వెళ్లి తిన్నగానే వస్తోంది. ఏ దూరం అసలుది?
– బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: రెండూ అసలువే, ఒకే లెక్కలో కలిపేయనంతవరకు. ఆ ప్రయోగంలో సగం పూత గాజుపలక కాంతిని రెండుగా చీల్చి, ఒకటి ప్రయాణ దిశలో, ఒకటి దానికి అడ్డంగా ఉన్న రెండు భుజాల్లోకి పంపుతుంది; అద్దాల నుంచి తిరిగొచ్చి కలిసినచోట వెలుగు–చీకటి చారలు, అంటే ఫ్రింజ్‌లు, పడతాయి. సఖినేటిపల్లి–నరసాపురం రేవులో పంటు వెళ్తుండగా ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా నడవండి. పంటు మీదివాళ్లకు మీ దారి తిన్నన. గట్టు మీదివాళ్లకు ఏటవాలు, పొడవూ ఎక్కువే. పోలిక ఇక్కడితో సరి. గట్టు లెక్కలో మీ వేగమూ పెరుగుతుంది, కాంతికి పెరగదు. శూన్యంలో ఎవరు కొలిచినా సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లే. కాబట్టి దూరం పెరిగితే పట్టే కాలమూ పెరగాల్సిందే.

అంకెలు వేద్దాం. 1887లో కాంతిని అద్దాల మధ్య పలుమార్లు తిప్పి ఒక్కో భుజాన్ని దాదాపు 11 మీటర్లు చేశారు. సూర్యుడి చుట్టూ భూమి వేగం సెకనుకు 30 కిలోమీటర్లు, అంటే కాంతి వేగంలో పదివేలో వంతు. పరికరం పక్కన నిలబడ్డవారికి ఏ భుజంలోనైనా రానూపోనూ 22 మీటర్లే. పరికరం ఆ వేగంతో పరుగెత్తుతున్నట్టు కనిపించే నిర్దేశ చట్రంలో (అలా చూసేవారి కొలతల లెక్కలో) అడ్డు భుజానికి 110 నానోమీటర్లు అదనం. ప్రయాణ దిశలోని భుజంలో కాంతి వెళ్లేటప్పుడు అద్దం ముందుకు జరిగిపోతుంది, 1.1 మిల్లీమీటర్లు ఎక్కువ నడవాలి. తిరుగు దారిలో సగం పూత గాజుపలక ఎదురొస్తుంది, దాదాపు అంతే కలిసొస్తుంది. పూర్తిగా చెల్లదు, 220 నానోమీటర్లు మిగిలిపోతుంది.

పరీక్షల్లో చాలామంది జారేది ఇక్కడే. 220కీ 110కీ ఉన్న తేడా, పరికరాన్ని 90 డిగ్రీలు తిప్పితే రెట్టింపై, 550 నానోమీటర్ల కాంతికి ఫ్రింజ్‌లు 0.4 వంతు జరగాలి. ఈథర్ (కాంతి అలలను మోసే మాధ్యమంగా అప్పట్లో ఊహించిన పదార్థం) ఉందనుకున్న మైకేల్సన్ ఎదురుచూసిందీ అంతే. అంత కదలిక కనబడలేదు. ఎందుకంటే, ఆ 11 మీటర్లు పరికరంతోపాటు ఉన్నవారి కొలత! రెండో చట్రంలో ప్రయాణ దిశలోని భుజం 55 నానోమీటర్లు కురచ. రానూపోనూ 110 తీసేయండి, రెండు భుజాల్లోనూ కాంతి నడిచే దూరాలు సమానమైపోతాయి.

దూరం, కాలం, తరంగదైర్ఘ్యం చట్రాన్నిబట్టి మారతాయి. తెర మీద ఒకచోట శిఖరం మీద శిఖరం పడిందా లేదా అన్నది మాత్రం మారదు. ఫ్రింజ్ చెప్పేది అదే.

ప్రశ్న: మైకేల్సన్ పరికరంలాంటి, 20 సెంటీమీటర్ల భుజాలున్న ఇంటర్‌ఫెరోమీటర్‌ను సోడియం దీపంతో పెట్టి, బల్లతో సహా తిప్పితే ఫ్రింజ్‌లు కదిలాయి. ఎందుకు?
– లెక్చరర్, భీమవరం

జవాబు: ఈథర్ ఉన్నా మీ పరికరంలో రావాల్సిన కదలిక 0.007 ఫ్రింజే, కంటికి ఆనదు. ఒక భుజంలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, సుమారు 0.6 ఫ్రింజ్ జరుగుతుంది. దీపం వేడి, ఫ్యాను, పైకి వంగినవారి ఊపిరి, ఏదైనా కావచ్చు. తిప్పేటప్పుడు బల్ల వంగి అద్దం 0.3 మైక్రోమీటర్లు జరిగినా ఒక ఫ్రింజ్ పోతుంది. అందుకే మైకేల్సన్, మోర్లే ఇసుకరాతి పలకను పాదరసం మీద తేల్చారు. ఫ్యాను ఆపి, భుజాల మీద అట్టపెట్టె బోర్లించి, దీపం వెలిగించాక అరగంట ఆగండి. తిప్పాక మళ్లీ మొదటి చోటికే తేండి. ఫ్రింజ్ వెనక్కి రాకపోతే అది వేడివల్లో, స్క్రూలు వదులైనందువల్లో వచ్చిన జరుగుడే.