పులిహోర మెతుకు కూడా కింద పడనివ్వకండి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమ్మానాన్న వచ్చే వేసవికి తెనాలి నుంచి వస్తున్నారు. జూలైలో నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆకాశమంత ఎత్తు పెరిగే రెడ్‌వుడ్ చెట్ల అడవులకు తీసుకెళ్లి మ్యూర్ వుడ్స్, కారు దూరే చెట్టు, అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్, ఫెర్న్ కాన్యన్, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన హైపీరియన్ చెట్టు, అన్నీ చూపించాలని ప్లాన్. రోజుకో చోట టెంట్. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. కుదురుతుందా?
- ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: కుదరదండీ. కుదిరినా మీ నాన్నగారికి చివరికి గుర్తుండేది కారు సీటే. మీ ఇంటి నుంచి ఉత్తరాన ఆ అడవుల దగ్గరున్న ఒరిక్ ఊరికి ఎక్కడా ఆగకపోయినా ఆరేడు గంటలు పడుతుంది. దానికి తోడు రోజూ సాయంత్రం టెంట్ వేసి, పొద్దున్నే పీకి, తడిసిన గుడ్డ మడతపెట్టి డిక్కీలో కుక్కడం అంటే, రెండో రోజుకే మీ ఇద్దరికీ మాటలుండవు (మా ఇంట్లో ఉండలేదు).

జాబితాలో సగం కొట్టేయండి. మ్యూర్ వుడ్స్ మీకు దగ్గరే, పార్కింగ్ ముందుగా బుక్ చేసుకుని ఏదో ఒక ఆదివారం వెళ్లొచ్చు. కారు దూరే చెట్టు అంటే బతికున్న చెట్టుకి 1930లలో తొలిచిన కంత, అంతే. అది చూడకపోయినా పోయేదేం లేదు. హైపీరియన్ సంగతి అసలు మర్చిపోండి. 2022 నుంచి దాని దగ్గరికి వెళ్లడం నిషేధం, పట్టుబడితే 5000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయనతో ఆ టెన్షన్ ఎందుకు చెప్పండి.

ఒరిక్ దగ్గరి ప్రెయిరీ క్రీక్ పార్కులో ఎల్క్ ప్రెయిరీ క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే పట్టుకుని రెండు రాత్రులు అక్కడే ఉండండి. పక్కనే మైదానంలో ఎల్క్ జింకలు మేస్తుంటాయి, మన కణుజు కంటే పెద్దవి, దూరం నుంచే చూడాలి. ఆ పార్కులోనే బిగ్ ట్రీ అనే పెద్ద రెడ్‌వుడ్ దగ్గర కారు దిగి నాలుగడుగులేస్తే చెట్టు వచ్చేస్తుంది, నాన్నగారికి అది చాలు. అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ 31 మైళ్ల పాత రోడ్డు, తిరుగు ప్రయాణంలో మెల్లగా రండి. ఫెర్న్ కాన్యన్‌కి మే 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పర్మిట్ కావాలి, పైగా వాగులో నడక, దాన్ని మీ ఇద్దరికే ఉంచుకోండి. నేల మీద పడుకుంటే మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు లేవలేరు, మడత మంచం కొనండి. క్యాంప్ బుకింగ్ ఆరు నెలల ముందు తెరుస్తారు, అంటే జూలైకి జనవరిలోనే పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

ఇంకో మాట, స్వెటర్లు. మొదటిసారి వెళ్లినప్పుడు జూలై కదా అని నేను రెండు పలచటి దుప్పట్లు తీసుకెళ్లాను. రాత్రంతా టెంట్ మీద టప్ టప్‌మని చినుకులు. తెల్లారి జిప్ తీసి చూస్తే కాస్త అవతల రోడ్డంతా పొడిగా ఉంది! వాన కాదు, సముద్రం మీంచి వచ్చిన పొగమంచు పైన ఆకులకు పట్టి కారుతోంది. అక్కడ వేసవిలో వానలు దాదాపు ఉండవు, ఆ అడవికి ఏడాదిలో అందే నీటిలో దాదాపు మూడో వంతు ఇలా కారేదేనట.

ప్రశ్న: రెడ్‌వుడ్ అడవిలో క్యాంపుకి పులిహోర, ఆవకాయ, జంతికలు పట్టుకెళ్లొచ్చా? ఎలుగుబంట్లు వస్తాయంటున్నారు. మిగిలిన అన్నం మా అత్తయ్యగారు ఇంట్లోలాగే పిట్టలకు వేస్తానంటున్నారు.
- ఒక పాఠకురాలు, పోర్ట్‌లాండ్

జవాబు: నిరభ్యంతరంగా పట్టుకెళ్లండి, పులిహోరని మించిన క్యాంపు తిండి లేదు. కాకపోతే తినగానే అన్నీ అక్కడుండే ఇనప పెట్టెలో పెట్టి గడియ వేయాలి. వాసన వచ్చేదేదైనా సరే, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, ఆఖరికి అమృతాంజనం కూడా టెంట్‌లో ఉండకూడదు.

అత్తయ్యగారికి మాత్రం కాస్త నచ్చజెప్పాలి. మార్బుల్డ్ మ్యూర్‌లెట్ అని ఒక సముద్రపు పిట్ట ఉంది. చేపల కోసం సముద్రానికి, గుడ్డు కోసం ఈ ముసలి చెట్ల దగ్గరికి తిరుగుతుంది. నాచు పట్టిన లావుపాటి కొమ్మ మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అంత పైన ఉండబట్టి కాలిఫోర్నియాలో దాని గూడు 1974 దాకా ఎవరికీ కనబడలేదు, చివరికి బిగ్ బేసిన్ అనే రెడ్‌వుడ్ పార్కులో చెట్టెక్కి కొమ్మలు కోసే మనిషి కంటబడింది. మనం వేసిన మెతుకుల కోసం కాకులు, నీలం రంగు జే పిట్టలు క్యాంపుల చుట్టూ చేరతాయి, చేరినవి ఊరుకుంటాయా, ఆ గుడ్డు కూడా తినేస్తాయి. జంతికల ప్యాకెట్ చప్పుడుకే మా బల్ల మీద జే వాలింది, తల మీద జుట్టు నిక్కబొడుచుకుని, నేను చెయ్యి తీసేలోపు ముక్క ఎత్తుకుపోయింది. ముద్దుగానే ఉంది మరి. అయినా బల్ల తుడిచి మెతుకులు ఏరేయండి, గిన్నెలు కడిగిన నీళ్లు కూడా నేల మీద పారబోయకండి.

ప్రశ్న: రెడ్‌వుడ్ లాంటి అంత ఎత్తు చెట్టుకు తల్లివేరు ఎంత లోతుంటుంది? మా తిమ్మమ్మ మర్రిమానుకైతే ఊడలున్నాయి.
- ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. హైపీరియన్ ఎత్తు సుమారు 380 అడుగులు, చార్మినార్ మీద చార్మినార్ పెట్టినా ఇంకా 60 అడుగులు మిగులుతుంది. అంత ఎత్తుకు లోతుగా దిగే తల్లివేరే లేదు! వేళ్లు మామూలుగా పన్నెండు అడుగుల లోపే, కానీ పక్కకు వంద అడుగుల దాకా పాకి పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుంటాయి. మీ మర్రి ఊడలు దించుకుని ఎకరాలకెకరాలు కమ్మేస్తే, ఇవి కింద నుంచి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. నేల మనుషుల అడుగులకు గట్టిపడితే పైపైన ఉన్న ఆ వేళ్లకు దెబ్బ, హైపీరియన్ చుట్టూ మొక్కలు అలాగే తొక్కుడుకు పోయాయి.

విత్తనం చూస్తే టమాటా గింజంత. దానికంటే పిలకల మీదే ఎక్కువ ఆధారపడుతుంది, అచ్చం మన అరటిలాగే. పెద్ద చెట్టు పడిపోతే మొదలు చుట్టూ పిలకలు లేచి గుండ్రంగా చెట్లవుతాయి, మధ్యలో తల్లి ఉన్న చోటు ఖాళీగా ఉండిపోతుంది. అమెరికాలో పిల్లలుంటే అలాంటి గుండ్రం ఫొటో పంపమనండి, బాట దిగకుండా తీసిందైతేనే.