నోరు ఎండిపోవడానికి కారణాలు, ఉపశమనం

మహబూబ్‌నగర్‌లో ఉండే మీ అమ్మగారికి షుగరు, బీపీ ఉన్నాయని, నీళ్లు ఎంత తాగినా నోరు ఎండిపోయి జొన్నరొట్టె మింగుడు పడడం లేదని, ఇది ఎండల వల్లేనా అని అడిగారు. పాలమూరు ఎండలకు దాహం సహజమే కానీ, నీళ్లు తాగినా తగ్గని పొడితనానికి చాలాసార్లు వాడే మందులే కారణం: అలర్జీ మాత్రలు, మానసిక కుంగుబాటుకు ఇచ్చేవి, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు లాలాజలాన్ని తగ్గించగలవు. అదుపులో లేని షుగరు, నోటితో గాలి పీల్చడం, మెడకు ఇచ్చిన రేడియేషన్, కళ్లు కూడా పొడిబారే షోగ్రెన్ వ్యాధి మిగతా కారణాలు. ముందుగా షుగరు పరీక్ష చేయించి, మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి. మాత్రలను సొంతంగా మాత్రం ఆపవద్దు.

రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు ఊరే లాలాజలం ఆమ్లాలను విరిచి పళ్లను కాపాడుతుంది. అది తగ్గితే పళ్లు చిగుళ్ల అంచున పుచ్చుతాయి, నాలుకపై ఫంగస్ పూత, మంట, దుర్వాసన రావచ్చు.

తరచూ గుక్కెడు నీళ్లు తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం, రొట్టెను పప్పులోనో మజ్జిగలోనో నానబెట్టి తినడం ఉపశమనమిస్తాయి, తంబాకు మానాలి. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు చేసిన చేటు చూసినవారు ఫ్లోరైడ్ పేస్టుకూ జంకుతారు గానీ, ఏళ్ల తరబడి తాగిన నీరు వేరు, తోముకుని ఉమ్మేసే పేస్టు వేరు; పళ్లు పుచ్చే ముప్పున్న పెద్దలకు అది అవసరమే. ఇవేవీ చాలకపోతే కృత్రిమ లాలాజలపు జెల్ లేదా స్ప్రే గురించి దంతవైద్యుని అడగండి.