దున్నిన నేలలో పెరిగిన అడవికి వెళ్లేముందు

చిరంజీవి అమ్మాయికి, అల్లుడికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండులోని లూటన్‌లో ఇల్లు కుదిరిందనీ, ఒక ఆదివారం పిల్లలను ఏదైనా అడవికి తీసుకువెళ్లాలని ఉందనీ మొన్న ఫోన్‌లో అన్నావు. సెయింట్ ఆల్బన్స్ పక్కన శాండ్రిడ్జ్ అనే పల్లెను ఆనుకుని హార్ట్‌వుడ్ అడవి ఉంది, మొదట అక్కడికే వెళ్లండి. ప్రవేశ రుసుము లేదు, కారు నిలపడానికి కూడా డబ్బు అడగరు. అయితే అడవి అనగానే నల్లమలను మనసులో పెట్టుకుని వెళితే నిరాశ పడతారు, ఎందుకంటే ఈ మధ్యకాలం వరకు అందులో చాలా భాగం నాగలి తిరిగిన పొలమే. వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థ 2008లో 858 ఎకరాలు కొని, 2009 నుంచి 2018 వరకు బడిపిల్లల చేత, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల చేత 6 లక్షల మొక్కలు నాటించింది.

ఒక శీతాకాలం నేనూ ఆ పనికి వెళ్లాను. తొలకరికి మొక్క పెట్టే మనకు వింతగా ఉంటుంది గాని, ఇక్కడ ఆకు రాల్చి నిద్రపోతున్న మొక్కనే, మట్టి లేని వేళ్లతో, నవంబరు నుంచి మార్చి లోపల నాటుతారు. గొయ్యి తవ్వరు. పారను నేలలోకి దించి అటూ ఇటూ ఊపి, ఆ చీలికలో వేరును జారవిడిచి, మడమతో గట్టిగా తొక్కి, కుందేళ్లూ జింకలూ కొరకకుండా చుట్టూ ప్లాస్టిక్ గొట్టం తొడుగుతారు. ఆ రోజు వెనక్కి తిరిగి చూస్తే చేను నిండా గొట్టాలే కనిపించాయి, దీన్ని అడవి అని ఎలా అంటారా అనుకున్నాను. ఇప్పుడు నేను నాటిన మొక్కలేవో నాకే తెలియదు, అన్నీ మనిషిని దాటి ఎదిగాయి.

మీరు శ్రద్ధగా చూడవలసింది కొత్త అడవీ పాత అడవీ కలిసే చోటు. ఆ పొలాల నడుమ లాంగ్లీ వుడ్ వంటి చిన్న చిన్న పాత వనాలు దున్నకుండా మిగిలిపోయాయి. ఇంగ్లండులో 1600 నాటికే ఉండి, నేటి వరకు చెట్లు తొలగని చోటును ప్రాచీన వనం అంటారు, అంటే చార్మినార్ కట్టి పదేళ్లయినా నిండని కాలం నుంచి. ఏప్రిల్ చివర, మే మొదట్లో బ్లూబెల్ పూలు నేలంతా నీలంగా పరుచుకునేది అక్కడే. సరిహద్దు దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి, రెండువైపులా చెట్ల కింద ఏమి మొలిచిందో పిల్లలను చూడమను. పాతవైపు పూలుంటాయి. కొత్తవైపు గడ్డీ, అక్కడక్కడ మన దురదగొండి లాగా ఒళ్లు మండించే నెట్టిల్ మొక్కా ఉంటాయి, ఏళ్ల తరబడి వేసిన ఎరువు బలం ఇంకా నేలలో ఉండడం వల్ల నెట్టిల్ అంత జోరుగా పెరుగుతుంది. బ్లూబెల్ విత్తు మొలిచి పూతకు రావడానికే దాదాపు ఐదేళ్లు పడుతుంది, పక్కకు పాకడం అంతకన్నా నిదానం. చెట్టును నాటవచ్చు గాని దాని కింది నేలను మాత్రం కాలమే తయారు చేయాలి. సేద్యం చేసిన ఇంట్లో పుట్టినదానివి, నీకిది తొందరగానే అర్థమవుతుంది. ఫోటో కోసం పూలలోకి దిగవద్దు, తొక్కిన చోట ఆ మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పొలం ఆనవాళ్లు ఇంకా చెరిగిపోలేదు. గట్ల స్థానంలో ఇక్కడ కంచెపొదలుంటాయి, అవి తిన్నగా సాగిన చోటల్లా ఒకప్పుడు ఒక చేను ముగిసి మరొకటి మొదలైందన్నమాట. కాలిబాటలో చెకుముకి రాళ్లు దొరుకుతాయి, అల్లుడు పిల్లలకు చూపించవచ్చు. చెట్లు పెట్టకుండా వదిలిన గడ్డి మైదానాలలో స్కైలార్క్ పిట్ట నేల మీదే గూడు కడుతుంది, కనుక వసంతంలోనూ వేసవిలోనూ బాట దిగకండి.

బురద సంగతి మరచిపోకు. మొదటిసారి ఫిబ్రవరిలో ఆఫీసు బూట్లతో వెళ్లి, పావుమైలు నడిచేసరికి ఒక్కొక్క కాలికి శేరు మట్టి అంటుకుని వెనక్కి వచ్చేశాను. పిల్లలకు మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనండి. ఎండాకాలమైనా పొడుగు ప్యాంట్లే వేయండి, గడ్డిలో ఉండే పిడుదుల వల్ల లైమ్ జ్వరం వచ్చే ప్రమాదం ఉంది, ఇంటికి రాగానే మోకాళ్ల వెనుక, చంకలలో చూడాలి. కుక్కలను ఇక్కడ తాడు లేకుండా వదులుతారు. పిల్లలు పరుగెత్తితే అవి ఆటనుకుని వెంటపడతాయి, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడమని ముందే చెప్పు. ఆగస్టు, సెప్టెంబరులలో బ్లాక్‌బెర్రీ పండ్లు గుప్పెడు కోసుకుని తినవచ్చు, పుట్టగొడుగులను మాత్రం తాకనివ్వకు.

పూల రోజులలో ఆదివారం మధ్యాహ్నం కారు నిలపడానికి చోటు దొరకదు, ఉదయం తొమ్మిదికల్లా చేరుకోండి. లోపల అంగడి ఉంటుందనుకోకుండా మంచినీళ్లూ పులిహోరా కట్టుకు వెళ్లండి. కారు డిక్కీలో ఒక పాత గోనెసంచి వేసి ఉంచండి, బురద బూట్లు విప్పి పెట్టుకోవడానికి అంతకన్నా అనువైనది లేదు.