అణువు ఆకారం తేలాలంటే ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి

ఎస్‌పీ3 అంటే టెట్రాహెడ్రల్ (నాలుగు మూలల పిరమిడ్) ఆకారం అని బట్టీ పట్టారు, నీళ్లు కూడా ఎస్‌పీ3 అంటూనే దాని ఆకారం మాత్రం వంగి ఉంటుందంటున్నారు, ఇదెలా కుదురుతుందని కదా మీ ప్రశ్న. సరైన చోటే ఆగారు. ఇంటర్ పిల్లలకు ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. రసాయన బంధం చాప్టర్‌లో ఇరుక్కుపోయేవాళ్లలో ఎక్కువమంది సంకరీకరణంతో (పరమాణువు ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు, కలిసి ఎస్‌పీ3 లాంటి కొత్తవిగా మారడం) మొదలుపెట్టినవాళ్లే.

ముందు మధ్య పరమాణువు చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్ జంటలున్నాయో లెక్క తేల్చండి. అవి ఒకదాన్నొకటి వికర్షించుకుని వీలైనంత దూరం జరుగుతాయి. ఆకారం అక్కడే తెలిసిపోతుంది. సంకరీకరణం పేరు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

నీటినే తీసుకోండి. ఆక్సిజన్ బయటి కక్ష్యలో 6 ఎలక్ట్రాన్లు, రెండు హైడ్రోజన్ల నుంచి చెరొకటి, మొత్తం 8. అంటే 4 జంటలు. నాలుగూ టెట్రాహెడ్రన్ మూలల వైపే ఉంటాయి, అందుకే ఎస్‌పీ3. కానీ వాటిలో రెండు ఒంటరి జంటలు, అంటే బంధంలో పాల్గొననివి. ఆకారం చెప్పేటప్పుడు పరమాణువుల స్థానాలే చూస్తాం కాబట్టి నీటి అణువు వంగినట్టే లెక్క. పైగా ఒంటరి జంట ఒకే కేంద్రకం పట్టులో ఉండి ఎక్కువ చోటు తీసుకుంటుంది, బంధాలను దగ్గరకు నెడుతుంది. అందుకే మీథేన్‌లో 109.5 డిగ్రీలున్న కోణం అమోనియాలో 107కి, నీటిలో 104.5కి తగ్గుతుంది.

బోర్డు మీద మీథేన్‌ను ప్లస్ గుర్తులా గీస్తాం, పిల్లలు కోణం 90 అనుకుంటారు. అందుకే గోధుమపిండి ముద్దకు నాలుగు అగ్గిపుల్లలు వీలైనంత ఎడంగా గుచ్చమంటాను. మొదట ప్లస్ లాగే గుచ్చుతారు. ఒక పుల్ల పైకి లేపి, మిగతా మూడూ కాస్త కిందికి వంచితే ఎడం పెరుగుతుందని వాళ్ల చేతులకే తెలుస్తుంది. మీరూ ఇంట్లో చేసి చూడండి.

నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. అమోనియాలాగే పిరమిడ్ ఆకారం, ఒక ఒంటరి జంట. ఫ్లోరిన్‌కు రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) బాగా ఎక్కువ కాబట్టి ద్విధ్రువ భ్రామకం (అణువులో ధన, రుణ ఆవేశాలు ఎంతగా విడిపోయాయో చెప్పే కొలత, దాని ప్రమాణం డిబై) కూడా ఎక్కువే ఉండాలనిపిస్తుంది. నిజానికి అమోనియాది దాదాపు 1.47 డిబై, దీనిది 0.24 మాత్రమే! అమోనియాలో ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ల నుంచి నైట్రోజన్ వైపు జరుగుతాయి, ఒంటరి జంట కూడా అటే ఉంటుంది, రెండూ కలిసొస్తాయి. ఇక్కడ ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను కిందికి లాగుతుంటే ఒంటరి జంట పైన ఉంటుంది. ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది. ఒంటరి జంటను బొమ్మలో వేయకపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

అయితే ఎలక్ట్రాన్లను చుక్కలుగా పెట్టి గీసే బొమ్మ అన్నింటికీ చాలదు. ఆక్సిజన్ అణువుకు చుక్కలు పెడితే ఎలక్ట్రాన్లన్నీ జతగానే కనిపిస్తాయి. కానీ ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే అక్కడే అతుక్కుని నిలుస్తుంది, అంటే జతకూడని ఎలక్ట్రాన్లు ఉన్నట్టే. అవి రెండని, బంధక్రమం (పరమాణువుల మధ్య ఎన్ని బంధాలున్నాయో చెప్పే సంఖ్య) 2 అని అణు ఆర్బిటాల్ సిద్ధాంతం, అంటే ఎలక్ట్రాన్లు అణువు మొత్తానికీ చెందిన ఆర్బిటాళ్లలో ఉంటాయనే సిద్ధాంతం, లెక్కకట్టి చూపిస్తుంది. ఆ భాగాన్ని ఆక్సిజన్‌తోనే మొదలుపెట్టండి, ఆ సిద్ధాంతం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలుస్తుంది.

ఇప్పుడు సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్, జినాన్ టెట్రాఫ్లోరైడ్ రెండూ మీరే వేయండి. రెంటిలోనూ నాలుగు ఫ్లోరిన్లే, ఆకారాలు మాత్రం వేరు. ఒంటరి జంటలను ఎక్కడ పెట్టారో, అక్కడే ఎందుకు పెట్టారో కింద రాయండి, చూసి చెబుతాను.