మడత చాకు బిగుసుకుపోతే కొబ్బరినూనె వేయకండి

మడత చాకు బిగుసుకుపోయింది, తుప్పేమో, ఏం చేయాలని ఒకరు అడిగారు. మీ చాకు బిగుసుకోవడానికి కారణం తుప్పు కాకపోవచ్చు, మీరు వేసిన కొబ్బరినూనే అయ్యుండొచ్చు. ఉసిరికాయలు కోశాక పైపైన కడిగి నూనె వేశానన్నారు. కీలులో మిగిలిన పులుపు, పిప్పి ఆ నూనెతో కలిసి బంకలా పట్టేస్తాయి. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చలికాలం పొద్దున్నే అసలు తెరుచుకోవట్లేదంటే అందుకే.

1. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి చాకుని పూర్తిగా ముంచండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: నీళ్లలో ఉండగానే బ్లేడుని పదిహేను, ఇరవై సార్లు తెరిచి మూయండి. మామూలుగా కడిగితే నీళ్లు కీలు లోపలికి పోవు. ఇలా చేస్తే కీలు పక్కనుంచి నల్లటి మడ్డి పొగలా బయటికొస్తుంది. అది ఆగేదాకా నీళ్లు మార్చి మళ్లీ చేయండి. తడి చేతికి జారుతుంది, మూసేటప్పుడు వేళ్లు పదును వైపు ఉంచకండి.

3. అన్ని బ్లేడ్లూ సగం తెరిచి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టండి.

4. కీలులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. పళ్లు కోసే చాకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ (రంగూ వాసనా లేని నూనె) మేలు. నాలుగుసార్లు ఆడించి, మిగిలింది తుడిచేయండి.

బ్లేడు మీద నల్ల మరకలు ఉసిరి వగరు వల్ల వచ్చినవే. తడి వంటసోడాతో మెల్లగా రుద్దితే చాలావరకు పోతాయి.